అమ్మతో ఐదు రోజులు: కర్నూలు నుంచి గుత్తి దాకా

ఈ ప్రయాణం నా ఆలోచన కాదు, అమ్మది. సంక్రాంతి వెళ్లిన వారానికి ఫోన్ చేసి, "పాపా, ఐదు దినాలు సెలవు పెట్టుకో. జమ్మలమడుగు, కడప, మన పాత ఊరు ఒకసారి చూసొద్దాం. మోకాళ్లు ఇంగా నా మాట ఇంటాండాయి, ఎండాకాలమైతే నా వల్ల కాదు" అంది. ఆ మూడు ఊళ్లే ఎందుకో నాకు తెలుసు. తమ్ముడు పుట్టిన ఊరు, వాడు స్టేజీ ఎక్కిన ఊరు, వాణ్ణి పూడ్చిపెట్టిన ఊరు. "చూద్దాంలే అమ్మా" అని పెట్టేశాను. రెండు రోజులు మళ్లీ ఆ ఊసెత్తలేదు. మూడో రోజు డ్యూటీ మధ్యలో ఏమనిపించిందో, సెలవు చీటీ రాసిచ్చేశాను.

నేను కర్నూలులో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున పరగడుపున వచ్చి నా ముందు చెయ్యి చాపే వాళ్లలో ఎక్కువ మంది షుగర్ చూపించుకోవడానికే వస్తారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

మొదటి రోజు: కర్నూలు నుంచి నంద్యాల

బస్టాండు పక్కన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని నంద్యాల బస్సెక్కాను. అమ్మ అక్కడ పిన్ని వాళ్లింటి పక్క వాటాలో ఉంటుంది. ఓర్వకల్లు దాటేటప్పుడు ఆ పెద్ద పెద్ద బండరాళ్లని చూస్తూ ఏదో ఆలోచిద్దామనుకున్నాను గానీ, చూపంతా గోడల మీది పోస్టర్ల మీదే ఉండిపోయింది. స్వస్థత మహాసభలు. కోటు వేసుకుని ఒక చెయ్యి పైకెత్తిన దైవజనుడు, పక్కన వరసగా షుగరు, బీపీ, క్యాన్సరు, సంతానలేమి, చేతబడి, అప్పుల బాధ. క్యాన్సరునీ అప్పుల బాధనీ ఒకే వరసలో రాసిన వాడెవడో గానీ జనం కష్టం తెలిసినవాడే, ఆ మాట ఒప్పుకోవాలి.

డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని 1954 నుంచి ఒకటి ఉంది. ఫలానా జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని అందులో ఒక జాబితా పెట్టారు, ఆ జాబితాలో షుగరు కూడా ఉంది. తమ్ముడు పోయాక, రాత్రి డ్యూటీల్లో నిద్రపట్టక ఏవేవో చదువుతూ తెలుసుకున్న సంగతి అది. ప్రార్థనకి ఆ చట్టం వర్తిస్తుందా లేదా అన్నది లాయర్లు తేల్చుకోవాల్సిన మాట. నాకు ప్రార్థన మీద కోపం లేదు. మా అమ్మ బీపీ మాత్ర అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, దీన్ని పని చేయించు" అని చెప్పి మింగుతుంది. అంతకంటే మంచి ప్రార్థన నేను వినలేదు.

సాయంత్రం చిన్నాన్న మమ్మల్ని హోలీ క్రాస్ కెథెడ్రల్‌కి తీసుకుపోయాడు. నేను లోపలికి పోలేదు, బయట చెట్టు కింద నిలబడ్డాను. ఆయనేమీ అనలేదు, నా పక్కనే నిలబడి పాత కథ ఎత్తుకున్నాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ వాళ్లు అందరూ ఒక సంఘంగా కలిస్తే, నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది మేము కలవం అని పక్కకి నిలబడ్డారు. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టరు ఇచ్చే ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షరసం, అసలు బల్లేనా, తగాదా మూలం అది. చివరికి 1975లో కలిశారు. "ఇరవై ఎనిమిదేండ్లమ్మా. ఒకే దేవునికి మొక్కతా, ఒకరి మొగం ఒకరు చూసుకోకుండా" అని నవ్వాడు. నేను చర్చి మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకి తెలుసు. లెక్క చెబుతున్నాడో ఊరికే మాట్లాడుతున్నాడో తెలియలేదు. నా లెక్క పద్నాలుగో ఏడులో ఉంది.

రెండో రోజు: జమ్మలమడుగు

నంద్యాల నుంచి ఎర్రగుంట్ల దాకా 2016లో రైలు మార్గం పడింది. అంతకుముందు బస్సుల్లో ఒళ్లు హూనమయ్యేది. చిన్న రైలు, సీటు దొరికింది, అమ్మ కిటికీ పక్కన కూర్చుని బనగానపల్లె వస్తే మామిడితోటలు చూపించమంది, జనవరిలో పూత తప్ప ఏముంటుంది. కోవెలకుంట్ల దాటాక నల్లరేగడి చేలు, శనగ కోతకి వచ్చింది, కొన్ని చోట్ల కుప్పలు వేసి ఉన్నారు. అమ్మ ఒడిలో గుడ్డసంచి. అందులో బైబిలు, మాత్రలు, నిమ్మకాయ చిత్రాన్నం, ఇంకా చెప్పని వస్తువు ఒకటి ఉందని ఆమె సంచి పట్టుకున్న తీరే చెబుతోంది. అడగలేదు.

జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉన్న క్యాంబెల్ ఆసుపత్రికి లండన్ మిషన్ డాక్టరు క్యాంబెల్ పేరే పెట్టారు. లండన్ మిషన్ వాళ్లు కడపకి 1822లోనే వచ్చారు. తమ్ముడు 1991లో ఈ ఆసుపత్రిలోనే పుట్టాడు. నాన్న అప్పుడు ఇక్కడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అమ్మ లోపలికి నడిచిన తీరు చూడాలి, సొంత ఇంట్లోకి పోతున్నట్టు పోయింది. ఏ వార్డో గుర్తుపట్టలేకపోయింది, గోడలు మారాయి, రంగులు మారాయి. ఒక వరండాలో బెంచీ మీద కూర్చుని, "పొద్దున గంట కొడతానే నర్సులంతా పాట పాడి, ప్రార్థన చేసి, అప్పుడు పోయి సూదులు ఉడకబెట్టేటోళ్లు. మోకాళ్ల మీద నుంచి లేసి నేరుగా స్టవ్వు కాడికి" అంది.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ విశ్వాసం మా జిల్లాలకి వచ్చినప్పుడు ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో సూది పట్టుకునే వచ్చింది. వాళ్ల గురించి అనేవన్నీ నాకు తెలుసు, మతం మార్చడానికే ఆసుపత్రి పెట్టారనే మాటా విన్నాను. కానీ ఏ డాక్టరూ మందు మానితేనే నీకు నమ్మకం ఉన్నట్టు అని ఇక్కడ ఎవరికీ చెప్పి ఉండడు.

తమ్ముడికి షుగరు 2003లో వచ్చింది, పన్నెండేళ్ల వయసులో. అప్పటికి నాన్నకి బదిలీ అయి గుత్తి దగ్గర ఒక పల్లెలో ఉన్నాం. పిల్లవాడు చిక్కిపోతున్నాడు, రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నాడు, చెంబులకి చెంబులు నీళ్లు తాగుతున్నాడు, దొడ్డి గోడ పక్కన చీమలు బారులు కడుతున్నాయి. ఊళ్లో ఆర్ఎంపీ నీరసం అని రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించాడు. షుగర్ పిల్లవాడికి గ్లూకోజు. అంతటితో స్పృహ తప్పాడు. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రికి తీసుకుపోతే బతికించారు. మిషన్లో అంకె కూడా రాలేదని, 'హై' అని మాత్రం చూపించిందని నాన్న చాలా ఏళ్లు చెప్పుకునేవాడు. ఇది పెద్దవాళ్లకొచ్చే షుగరు కాదు, టైప్ వన్, వీడి ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, మాత్రలు లేవు, బతికినన్నాళ్లూ సూదులే అన్నారు.

అక్కడ ఒక నర్సు అమ్మకి కుండ నేర్పింది. ఇన్సులిన్ సీసాని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో పెట్టాలి, మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, గుత్తి ఎండలు మీకు తెలుసు. పెద్ద కుండలో తడి ఇసుక, ఆ ఇసుక మధ్యలో చిన్న కుండ, అందులో సీసా, పైన మూత, మూత మీద తడిగుడ్డ. ఫ్రిజ్ అంత చల్లన కాదు గానీ సీసా పాడవకుండా నిలుస్తుంది. అమ్మ రోజూ రెండు పూటలా ఆ ఇసుక తడిపేది. ఎనిమిదేళ్లు. మా ఇంట్లో దీపం ఆరిపోయిన రోజులున్నాయేమో గానీ ఆ గుడ్డ ఎండిన రోజు లేదు.

ఒక సంగతి నన్ను ఎప్పుడూ పొడుస్తూ ఉంటుంది. ఇన్సులిన్‌ని మనిషికి మొదటిసారి ఇచ్చింది 1922 జనవరిలో, టొరంటోలో, పద్నాలుగేళ్ల కుర్రాడికి. అంతకుముందు తమ్ముడిలాంటి పిల్లవాణ్ణి ఈ వరండాకి మోసుకొచ్చినా క్యాంబెల్ దొర చేయగలిగింది ఏమీ ఉండేది కాదు, పక్కన మోకరించడం తప్ప. మందు లేని కాలపు ప్రార్థన అది. మందు కుండలో చల్లగా ఉండగా దాన్ని పారేయించే ప్రార్థన వేరే.

మూడో రోజు: గండికోట

అమ్మ మోకాళ్ల సంగతి తెలిసీ గండికోటకి ఎందుకు పోయామంటే ఆమె పట్టుబట్టింది, నాన్న పెళ్లయిన కొత్తలో చూపించాడట. పదిహేను కిలోమీటర్లు, ఆటో. మసీదు దగ్గర నీడలో అమ్మని కూర్చోబెట్టి నేను ఒక్కదాన్నే మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం చూసి, పెన్న లోయ అంచుకి పోయాను. ఫొటోల్లో చూసిందే. ఎర్రటి రాళ్లు దొంతరలు దొంతరలుగా, కింద నీళ్లు. సెల్ఫీ కోసం అంచు దాకా పోయే కుర్రాళ్లని చూస్తే గుండె జారిపోయింది, ఎక్కువసేపు ఉండలేదు.

తిరిగొచ్చేసరికి అమ్మ చిత్రాన్నం పొట్లం విప్పి ఉంది. నాలుగు ముద్దలు తిన్నాక అడిగింది.

"పాపా, నువ్వు చర్చి ఎందుకు మానేస్తివి? ఆ స్టేజీ మీదాయన మీద కోపమా, దేవుని మీదనా?"

పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. చెప్పాను. కోపం వాళ్లెవరి మీదా కాదని, లేదా అందరి మీదా అని, కానీ ముందు నా మీద అని. 2011 మేలో కడప సభలకి అనంతపురం నుంచి నేనూ వచ్చాను, అప్పటికి ల్యాబు కోర్సు అయిపోయి ఉద్యోగంలో చేరాను. శనివారం రాత్రి తమ్ముడు స్టేజీ ఎక్కి, నేను స్వస్థపడ్డాను అని మైకులో సాక్ష్యం చెప్పి, సిరంజీల పొట్లం అక్కడ పెట్టిన గంపలో వేశాడు. ఆ గంపలో అప్పటికే కళ్లజోళ్లు, మాత్రల అట్టలు, ఒక నడుం పట్టీ. వేలమంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఒళ్లు పులకరించింది, అబద్ధం చెప్పను. పొద్దున బస్టాండులో, "ఒకసారి టెస్టు చేయించుకుంటే మంచిది కదరా" అన్నాను మెల్లగా. "సాక్ష్యం చెప్పేసినా కదక్కా" అన్నాడు. మళ్లీ టెస్టు అంటే అనుమానం, అనుమానం అంటే స్వస్థత పోతుందని వాళ్లు స్టేజీ మీద నుంచే చెప్పారు. నాకు తెలుసు, టైప్ వన్ అంటే ఏంటో చదివి పరీక్ష రాసి పాసయినదాన్ని. ఐనా బస్సెక్కి వెళ్లిపోయాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ అంది.

"కడప నుంచి వచ్చిన రాత్రి ఆ కుండ బోర్లించింది నేనే. ఇసుక పారబోసి, కడిగి, ఎండకి పెడితి. సంతోషంతో."

ఆగి మళ్లీ అంది.

"మంగళవారం వాని నోట్లో నుంచి మాగిన పండు వాసన వస్తాండె. వాంతులు ఉపాసానికి అనుకుంటిమి. ఆ వాసన మాత్రం, దేవుడు ముట్టిన పరిమళం అనుకుంటి నేను."

అది కీటోన్ల వాసన. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే చక్కెర వాడుకోలేక కొవ్వు కరిగి, రక్తం పులిసిపోతుంది, ఊపిరిలో ఆ వాసన వస్తుంది. ఆమెకి ఈ ముక్క నేను ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేకపోయాను. తెలుసనుకుంటా. బుధవారం తెల్లవారుజామున గుత్తికి ఆటోలో తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

ఆటో డ్రైవరు వచ్చి, పోదామా అమ్మా, ఇంకో ట్రిప్పు ఉంది అన్నాడు.

నాలుగో రోజు: కడప

ప్రొద్దుటూరు మీదుగా బస్సు. కడపలో దిగగానే కారం దోశ తిన్నాం, దాని గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు, కడప వాళ్లని అడిగితే గంట చెబుతారు.

ఆ మైదానం ఇప్పుడు లేదు. ప్లాట్లు వేసి అమ్మేశారు, సగం ఇళ్లు లేచాయి. స్టేజీ ఏ వైపు ఉండిందో మేమిద్దరం పది నిమిషాలు వాదించుకున్నాం, నేను తూర్పు అన్నాను, అమ్మ కాదంది. ఒక ఇంటి ముందు ముగ్గు వేస్తున్న ఆవిడ ఎవరి కోసం వెతుకుతున్నారని అడిగింది. ఏం చెప్పాలి. ఇంత దూరం వస్తే ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు, ఎండ మాత్రం నెత్తిన కొట్టింది.

మధ్యాహ్నం పొద్దుపోక బ్రౌన్ గ్రంథాలయానికి పోయాం, సీపీ బ్రౌన్ ఉన్న బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన లైబ్రరీ. బ్రౌన్ వాళ్ల నాన్న డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో పాదిరి, ఇప్పుడు మనం సువార్తికులు అంటామే, అట్లాంటి మనిషి. కొడుకు 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చాడు, తర్వాత కొన్నేళ్లకి వేమన వెంట పడ్డాడు. ఒక్కో పద్యానికి దొరికినన్ని తాళపత్రాలు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఏది సరైన పాఠమో సరిచూసి 1829లో అచ్చు వేయించాడు. రాతలో తప్పుంటే పక్క ప్రతిలో తెలుస్తుంది కదా. మా సంఘాల్లో సాక్ష్యాలకి పక్క ప్రతి ఉండదు. నయమైందని మైకులో చెప్పినవాడు నెల తర్వాత ఎట్లా ఉన్నాడో పోయి చూసేవాడు లేడు. తమ్ముడి సాక్ష్యం సీడీ వాడు పోయిన మూడు నెలలకి కూడా అమ్ముడుపోయింది, మా చుట్టాలావిడ ఒకామె తెలియక కొనుక్కొచ్చి మా నాన్నకే చూపించింది.

తమ్ముడు పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకి ఆ సభలవాళ్లు ఎవరూ రాలేదు. వచ్చిన పెద్దమనిషి ఒకాయన, వేరే సంఘం, నాన్న భుజం మీద చెయ్యేసి "విశ్వాసంలో ఎక్కడో లోటు జరిగింది సార్, ఇంట్లో ఏదైనా దాచిన పాపం ఉంటే ఒప్పుకోండి" అన్నాడు. నాన్న 2016లో పోయేదాకా ఆ లోటు ఏమై ఉంటుందా అని వెతుక్కుంటూనే ఉన్నాడు. బిడ్డ పోవడం ఒక దెబ్బ. అది మన తప్పే అని దేవుని పేరుతో చెప్పడం ఇంకో దెబ్బ. మొదటి దానికి కాలం కొంత మందు వేస్తుంది. రెండో దాన్ని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు మళ్లీ గీకుతారు, తెలిసి కాదు, ఏదో పాటలో, ఏదో సాక్ష్యంలో.

రాత్రి లాడ్జి పక్క మేడ మీద శుక్రవారం ప్రార్థన. రేకుల షెడ్డు, కీబోర్డు, మైకు. ఎవరో అమ్మాయి సాక్ష్యం చెబుతోంది, షుగరు నాలుగు వందలుండేదట, ఇప్పుడు దేవుడు తగ్గించాడట. అమ్మ కిటికీ దగ్గర నిలబడి వింటోంది. ఉన్నట్టుండి చెప్పులేసుకుంది.

"యాడికి?"

"రా నువ్వు."

ఆ మెట్లు ఎట్లా ఎక్కిందో ఆ మోకాళ్లతో. వెనకాల చెప్పులు విడిచే చోట రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు మాకు. అట్లా నేను ఇన్నేళ్లకి ఒక కూడికలో కూర్చున్నాను, చెప్పుల పక్కన. కూడిక అయ్యాక అమ్మ నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి పోయి, పేరూ ఊరూ అడక్కుండా, "మాత్రలు ఏసుకుంటాండావా?" అంది. ఆ అమ్మాయి బిత్తరపోయింది. "ఏసుకుంటున్నాను పెద్దమ్మా. మానొద్దని పాస్టరమ్మే చెప్పింది, నెలనెలా రిపోర్టు తెచ్చి చూపించమంటుంది" అంది. వెనకాల కీబోర్డు వైరు చుడుతున్న పాస్టరమ్మకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏదో అంది, నాకు వినబడలేదు. ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. ఇంత చిన్న మాట. ఆ రోజు వేలమందిలో ఒక్కరికి కూడా రాని మాట.

ఐదో రోజు: గుత్తి

కడప నుంచి రైల్లో ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి, గుత్తి. గుత్తి కోట దూరం నుంచి కనబడగానే అమ్మ సంచి సర్దుకుంది. మద్రాసు గవర్నరు మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో చచ్చిపోతే తెచ్చి ఈ గుత్తిలోనే పూడ్చారు, తర్వాత 1831లో ఎముకలు తవ్వి మద్రాసుకి తీసుకుపోయారు. నాన్న ఈ కథ చెప్పి, "గొప్పోళ్లని మన మట్టిలో కూడా ఉండనీయరు" అనేవాడు.

మా పల్లెకి ఆటో. సమాధుల తోటలో తమ్ముడి సిలువ ఒక పక్కకి ఒరిగింది, సున్నం పోయింది, పేరు మాత్రం చదవొచ్చు. అమ్మ అప్పుడు సంచిలోంచి తీసింది దాచిన వస్తువు. ఆ చిన్న కుండ. లోపలి కుండ. మూడు వేళ్ల ఎత్తున అంచు విరిగి ఉంది. ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. సమాధి మీద పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. ఒకసారి చూసి మళ్లీ సంచిలోనే పెట్టుకుని, "అయ్యగారింటికి పోదాం పద" అంది.

అక్కడికి పోతామని నాకు చెప్పలేదు. ఊరి పాస్టరుగారు. సభలకి బస్సు మాట్లాడి ఊరంతటినీ కడపకి తీసుకుపోయింది ఆయనే. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని స్టేజీ మెట్ల దాకా నడిపించింది ఆయనే. నాకు ఒళ్లు మండింది, ఆటోలోనే కూర్చుంటానన్నాను. అమ్మ వినలేదు.

గుడి పక్క ఇల్లు, అరవై దాటి ఉంటాయి, మనిషి సగమయ్యాడు. మమ్మల్ని చూసి వందనాలు అనబోయి అనలేక గడప మీదే కూర్చుండిపోయాడు. ఆయన భార్య మంచం వాల్చి నీళ్లు ఇచ్చింది. కాసేపు కోళ్ల గురించి, కరెంటు గురించి. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు.

"అక్కా, నేను రెండుసార్లు నంద్యాల రైలెక్కినా. ఒకసారి డోన్‌లో దిగి తిరిగొచ్చినా. ఇంకోసారి మీ వీధి దాకా వచ్చినా. తలుపు కొట్టలేకపోయినా."

అమ్మ ఏమీ అనలేదు.

"ఆ పిల్లోనికి వాంతులైతాంటే నన్ను పిలిస్తిరి. నేను నూనె రాసి, ఆసుపత్రికి వద్దు, ఇది సాతాను పరీక్ష అంటిని. అది నా నోటితో అన్న మాట. స్టేజీ మీదాయన అన్నది కాదు, నేనన్నది. తప్పు నాది. మీ విశ్వాసంలో లోటేమీ లేదక్కా. సార్‌కి బతికుండగా ఈ మాట చెప్పలేకపోతి."

ఈ మాట కోసం నాన్న ఐదేళ్లు ఎదురుచూశాడు. నాకు సంతోషం కలగలేదు, నిజం చెబుతున్నాను. ఆలస్యంగా వచ్చావు అని అరవాలనిపించింది. అసలు నువ్వు రాలేదు, మోకాళ్లు నొప్పులు పెట్టుకుని మేమే వచ్చాం అని కూడా. కానీ లోపల ఎక్కడో పద్నాలుగేళ్లుగా బిగించి పట్టుకున్న పిడికిలి ఒక వేలు వదిలింది. అంతే, ఒక వేలు.

తర్వాత ఆయన, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా, పౌలు సంగతి చెప్పాడు. పౌలు చేతుల మీదుగా ఎన్ని అద్భుతాలు జరిగాయి, చచ్చినవాడు కూడా లేచాడు కదా, అలాంటి పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో, త్రోఫిముకి ఒంట్లో బాగాలేక మిలేతులో వదిలి వచ్చానని ఒక్క ముక్క రాశాడు. వాడికి విశ్వాసం లేదనలేదు, పాపం దాచాడనలేదు. జబ్బుగా ఉన్నాడు, వదిలి వచ్చాను, అంతే. "ముప్పై ఏండ్లు సేవ చేసినానమ్మా, ఆ వచనం మీద ఒక్క ప్రసంగం చేయలేదు, ఎవరూ చేయగా వినలేదు" అన్నాడు. ఆ పెద్ద సభలవాళ్లతో తెంచుకున్నాడట, నెలనెలా వచ్చే సాయం ఆగిపోయింది, సంఘంలో సగం ఇళ్లు వేరే గుడికి పోయాయి. ఇప్పుడు ఎవరికి నూనె రాసినా పక్కన ఆటో డబ్బులు పెడతానన్నాడు. నమ్మాలో లేదో అనుకుంటూ కూర్చున్నాను.

మేము లేచేటప్పుడు గోధూళి వేళ. వసారా మూలలో గోడ నీడన ఇసుక కుండ కనబడింది. పెద్ద కుండ, మధ్యలో చిన్నది, మీద గుడ్డ. నేను ముందు చూశాను, అమ్మ తర్వాత చూసింది. పాస్టరుగారి భార్య గబగబా చెప్పింది, ఊళ్లో ఇద్దరు ముసలమ్మలున్నారు, ఫ్రిజ్ లేదు, ఒకామెకి చూపు ఆనదు, సూది ఎంత దాకా నింపాలో కనబడదు, అందుకని సీసాలు ఇక్కడే పెట్టుకుని పొద్దున, సాయంత్రం తానే వేస్తుందట. కుండ ఎట్లా పెట్టాలో మీ దగ్గర చూసిందే అక్కా అంది.

అమ్మ కుండ దగ్గరికి పోయి, మెల్లగా వంగి, గుడ్డ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"ఎండిపోయింది" అంది.

బావి పక్కన బక్కెట్లో నీళ్లున్నాయి. చెంబు కనబడలేదు. అమ్మ సంచిలోంచి ఆ విరిగిన చిన్న కుండ తీసి, బక్కెట్లో ముంచి, తెచ్చి ఇసుక మీద చుట్టూ పోసింది, గుడ్డ తడిపి పిండి మళ్లీ కప్పింది. రెండోసారి ముంచడానికి వంగలేకపోతే నేను పోయి నింపుకొచ్చాను.